ఈ-పోర్ట్‌ఫోలియోలు క్లాసులో ఎందుకు నిలబడవు? లెక్చరర్లకు అందాల్సిన సాయం ఏమిటి?

క్లుప్తంగా

విద్యార్థి తాను చేసిన పనిని దాచుకుని, అందులోంచి కొన్నిటిని ఏరి, వాటి గురించి తన మాటల్లో రాసుకునే ఆన్‌లైన్ పేజీలే ఈ-పోర్ట్‌ఫోలియో. దీన్ని మొదలుపెట్టిన చోట్ల తరచూ వచ్చే ఇబ్బందికి మూలం సాఫ్ట్‌వేర్‌లో ఉండదు. లెక్చరర్‌కి ఒక పూట డెమో ఇస్తారు, అసైన్‌మెంట్లూ మార్కులూ టైమూ మాత్రం పాతవే ఉంటాయి. న్యూయార్క్‌లోని లాగార్డియా కమ్యూనిటీ కాలేజీ, బ్రిటన్ యూనివర్సిటీలు, ఆంధ్రప్రదేశ్ డిగ్రీ ఇంటర్న్‌షిప్ రికార్డులు, ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే సాయం ఎక్కడ కావాలో తెలుస్తుంది.

కొన్నేళ్లుగా, ముఖ్యంగా 2020లో జాతీయ విద్యా విధానం వచ్చాక, కాలేజీల్లోకి కొత్త పేర్లు వరసగా దిగాయి. క్రెడిట్లకు అకడమిక్ బ్యాంక్, విద్యార్థి గుర్తింపుకు అపార్ నంబర్, సర్టిఫికెట్లకు డిజీలాకర్, సాంకేతిక కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ కోసం అవుట్‌కమ్స్, అంటే కోర్సు అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలో రాసిన జాబితా. వీటి వెనకే ఈ-పోర్ట్‌ఫోలియో అన్న మాట కూడా వినిపిస్తోంది. స్టాఫ్ రూములో కూర్చున్నవాళ్లకు ఇవన్నీ ఒకే తలనొప్పికి వేర్వేరు పేర్లలా అనిపించడంలో వింతేమీ లేదు. ఇంకో పోర్టల్, ఇంకో లాగిన్, ఇంకో అప్‌లోడ్. ఈ గందరగోళం తీరకుండా ఎన్ని ట్రైనింగులు పెట్టినా ఫలితం ఉండదు కాబట్టి ముందు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఏది పోర్ట్‌ఫోలియో, ఏది కాదు

గూగుల్ క్లాస్‌రూమ్, మూడుల్ లాంటివి లెక్చరర్ నడిపే ఆన్‌లైన్ గదులు. సెమిస్టర్ అయిపోతే గది మూతపడుతుంది, విద్యార్థి పెట్టిన పని లోపలే ఉండిపోతుంది. డిజీలాకర్‌లో ఉండేది బోర్డో యూనివర్సిటీయో ఇచ్చిన సర్టిఫికెట్. లింక్డిన్ ఉద్యోగం ఇచ్చేవాళ్ల కోసం తయారుచేసుకున్న పరిచయం. పోర్ట్‌ఫోలియోలో మాత్రం పేజీ విద్యార్థిది, పని విద్యార్థిది, ఆ పని మీద వ్యాఖ్య కూడా విద్యార్థిదే. ఒక కోర్సు అయిపోయాక కూడా అది తర్వాతి కోర్సులోకి వెంట వస్తుంది.

పని మూడు దశల్లో జరుగుతుంది. చేసినదాన్ని చేసినట్టు దాచుకోవడం మొదటిది. అందులోంచి ఏది చూపించదగ్గదో ఏరుకోవడం రెండోది. వెనక్కి తిరిగి చూసి, ఇది ఎందుకు ఇలా వచ్చింది, ముందటి పనికీ దీనికీ తేడా ఏమిటి అని రాయడం మూడోది. ఈ మూడోదాన్నే రిఫ్లెక్షన్ అంటున్నారు. మొదటి దశ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. మిగతా రెండూ లెక్చరర్ అడిగితేనే జరుగుతాయి, ఎలా అడిగారన్న దాన్ని బట్టే వాటి నాణ్యత ఉంటుంది. ఈ-పోర్ట్‌ఫోలియో చుట్టూ వచ్చే చిక్కుల్లో చాలా భాగం ఈ ఒక్క విషయం నుంచి పుట్టేవే.

ఆలోచన కొత్తదేమీ కాదు. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు తమ బొమ్మల ఫోల్డర్లు చంకన పెట్టుకు తిరగడం ఎప్పటి నుంచో ఉంది. 1980లలో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ యూనివర్సిటీలో పీటర్ ఎల్బో, ప్యాట్ బెలనాఫ్ రచనా కోర్సుల్లో ఒక్క పరీక్ష బదులు సెమిస్టర్ పొడుగునా రాసినవాటిలోంచి ఏరిన పోర్ట్‌ఫోలియో చూసి విద్యార్థి స్థాయిని నిర్ణయించే పద్ధతి తెచ్చారు. విస్కాన్సిన్‌లోని ఆల్వర్నో కాలేజీ 1999లో దీన్ని వెబ్‌లోకి ఎక్కించింది. 2016లో అమెరికన్ కాలేజీలూ యూనివర్సిటీల సంఘం, విద్యార్థుల చదువు మీద ఎక్కువ ప్రభావం చూపే పద్ధతుల జాబితాలో ఈ-పోర్ట్‌ఫోలియోని 11వదిగా చేర్చింది. 2008లో విద్యా పరిశోధకుడు జార్జ్ కుహ్ ఇచ్చిన మొదటి జాబితాలో ఉన్నవి పదే. ఆ జాబితాలో చేరాక అక్కడ దీనికి గిరాకీ పెరిగింది. కానీ జాబితా తయారుచేసినవాళ్లే ఒక షరతు పెట్టారు, బాగా అమలుచేస్తేనే అని.

ట్రైనింగ్ ఎక్కడ దారి తప్పుతుంది

మామూలుగా జరిగేది ఇది. యూనివర్సిటీ ఒక ప్లాట్‌ఫామ్ కొంటుంది. కొన్నవాళ్లు లేదా ఐటీ సెల్ వాళ్లు సెమినార్ హాల్లో లెక్చరర్లను కూర్చోబెట్టి లాగిన్ ఎలా అవ్వాలి, పేజీ ఎలా తయారుచెయ్యాలి, ఫైల్ ఎలా ఎక్కించాలి చూపిస్తారు. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. మర్నాడు క్లాసుకి వెళ్లిన లెక్చరర్ చేతిలో ఉన్నది నిరుటి సిలబస్, నిరుటి అసైన్‌మెంట్, మిడ్ ఎగ్జామ్ తేదీ. వాటిలో పోర్ట్‌ఫోలియోకి చోటు లేదు. దాంతో అందరికీ తట్టే ఉపాయం ఒకటే, ఉన్న అసైన్‌మెంట్‌నే పీడీఎఫ్ చేసి అక్కడ పెట్టమనడం. విద్యార్థికి అది రెండోసారి సబ్మిట్ చెయ్యడమే. ఆ పేజీలు లెక్చరర్ చూడరు, లెక్చరర్ చూడరని విద్యార్థికీ తెలిసిపోతుంది.

ఇందులో లెక్చరర్ల బద్ధకాన్ని వెతికితే దొరకదు. ప్రోత్సాహకాల అమరిక అలా ఉంది. మన దేశంలో పదోన్నతికి రిఫ్రెషర్ కోర్సులు, ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాములు లెక్కలోకి వస్తాయి. అందుకే వారం రోజుల ఎఫ్‌డీపీలకు ఎప్పుడూ డిమాండే. ఒక కోర్సులో రెండు అసైన్‌మెంట్లు తిరగరాసి, ఏడాది పాటు నడిపి చూసినందుకు అలాంటి కాగితం ఏదీ రాదు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన. విద్యార్థుల పేజీలు చదివి జవాబివ్వడం ఆ గంటల్లో కనిపించదు.

లాగార్డియా ఏం చేసింది

న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో ఉన్న లాగార్డియా కమ్యూనిటీ కాలేజీ, సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్‌లో భాగం. 1971లో తెరిచారు. వందకు పైగా దేశాల మూలాలున్న విద్యార్థులు, చాలామందికి ఇంగ్లిష్ రెండో భాష, చదువుతో పాటు ఉద్యోగం చేసుకునేవాళ్లు. తమ ఇంటి నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తామే అయినవాళ్లూ ఎక్కువే. మన డిగ్రీ కాలేజీలతో పోల్చదగ్గ అమెరికన్ కాలేజీ ఏదైనా ఉందంటే పేరుమోసిన యూనివర్సిటీలకన్నా ఇలాంటిదే దగ్గర.

2000ల మొదట్లో అక్కడ ఈ-పోర్ట్‌ఫోలియో మొదలుపెట్టినప్పుడు పగ్గాలు ఐటీ విభాగం చేతిలో కాకుండా, లెక్చరర్లకు బోధనలో తోడ్పడే బోధనా కేంద్రం చేతిలో ఉన్నాయి. చరిత్ర అధ్యాపకుడైన బ్రెట్ ఐనన్ దానికి నాయకత్వం వహించారు. ఒక్క రోజు వర్క్‌షాప్ స్థానంలో నెలల తరబడి సాగే సెమినార్లు పెట్టారు. వేర్వేరు డిపార్ట్‌మెంట్ల లెక్చరర్లు చిన్న గుంపుగా కూర్చుని, ఎవరి కోర్సు వాళ్లు ముందు పెట్టుకుని, ఒక అసైన్‌మెంట్ తిరగరాస్తారు. దాన్ని అదే సెమిస్టర్‌లో క్లాసులో నడుపుతారు. విద్యార్థులు రాసినవి పట్టుకుని మళ్లీ కలుస్తారు. ఏది పారింది, ఏది బెడిసికొట్టింది మాట్లాడుకుని ఇంకోసారి మారుస్తారు. క్లాసులో ఎదురైన ఇబ్బందిని చెప్పుకోవడానికి మళ్లీ ఒక మీటింగ్ ఉండటమే ఈ పద్ధతిలో అసలు బలం. ఒక్క రోజు వర్క్‌షాప్‌లో ఆ మీటింగ్ ఉండదు, ఎందుకంటే ఇబ్బంది వచ్చేది వర్క్‌షాప్ అయిపోయాక.

రెండో ఏర్పాటు ఇంకా తెలివైనది. టెక్నికల్ సందేహాలు తీర్చే బాధ్యత లెక్చరర్ మీద పెట్టలేదు. సీనియర్ విద్యార్థులకు శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి, ల్యాబుల్లో సహాయకులుగా పెట్టారు. ఫొటో ఎక్కట్లేదు, పేజీ కనపడట్లేదు లాంటివన్నీ వాళ్లే చూసుకున్నారు. ఎక్కడ నొక్కాలో తెలియక క్లాసు ముందు తడబడతామేమోనన్న టెన్షన్ లెక్చరర్లను ఈ పనికి దూరంగా ఉంచే పెద్ద కారణం. ఆ భయం ఎవరూ పైకి చెప్పరు, టైమ్ లేదంటారు. సహాయకులుంటే ఆ భయం పోతుంది. సీనియర్ విద్యార్థి తన సొంత పేజీ తెరిచి చూపిస్తే జూనియర్‌కి దీనితో ఏం చెయ్యొచ్చో కూడా అర్థమవుతుంది.

ఈ అనుభవం ఆధారంగా 2011 నుంచి 2014 వరకు అమెరికా ప్రభుత్వ నిధితో 24 క్యాంపస్‌లు కలిసి ఒక ప్రాజెక్టు నడిపాయి. వర్జీనియా టెక్, శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ లాంటివి అందులో ఉన్నాయి. పోర్ట్‌ఫోలియో నిలబడాలంటే బోధన, లెక్చరర్ల శిక్షణ, ఫలితాల అంచనా, టెక్నాలజీ, విస్తరణ అనే అయిదు రంగాల్లో ఒకేసారి పని జరగాలని వాళ్లు తేల్చారు. అయిదింటిలో టెక్నాలజీ ఒకటి మాత్రమే. మన దగ్గర బడ్జెట్ దాదాపు అంతా దానికే పోతుంది.

ఫలితాల సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పుకోవాలి. పోర్ట్‌ఫోలియో ఉన్న సెక్షన్లలో పాస్ శాతం, చదువు మానకుండా కొనసాగినవాళ్ల శాతం మెరుగ్గా ఉన్నాయని లాగార్డియా, తోటి క్యాంపస్‌లు ప్రకటించాయి. కానీ ఆ సెక్షన్లు తీసుకున్నది తమంతట తాము ముందుకొచ్చిన లెక్చరర్లు. అలాంటివాళ్ల క్లాసులు పోర్ట్‌ఫోలియో లేకపోయినా మిగతావాటికన్నా బాగుండే అవకాశం ఉంది. అందుకే ఆ తేడా మొత్తాన్నీ పోర్ట్‌ఫోలియో ఖాతాలో వెయ్యడం కుదరదు. నెలల తరబడి తోటివాళ్లతో కూర్చుని తమ అసైన్‌మెంట్ గురించి మాట్లాడుకోవడమే బోధనను మార్చింది అనుకున్నా తప్పు లేదు, ఆ పనికి పోర్ట్‌ఫోలియో ఒక సాకుగా ఉపయోగపడింది.

యూటాలోని సాల్ట్ లేక్ కమ్యూనిటీ కాలేజీ దారి వేరు. 2010లో అక్కడ జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులన్నింటికీ, అంటే ఏ సబ్జెక్టువాళ్లయినా చదవాల్సిన ఉమ్మడి కోర్సులకు, ఒకటే నియమం పెట్టారు. ప్రతి కోర్సులో ఒక ముఖ్యమైన అసైన్‌మెంట్, దాని మీద ఒక రిఫ్లెక్షన్ విద్యార్థి పేజీలోకి ఎక్కాలి. అంతే. అడిగేది తక్కువ కాబట్టి ఇష్టం లేని లెక్చరర్ కూడా చేయగలడు, కోర్సు తర్వాత కోర్సు పేరుకుని విద్యార్థి చేతిలో ఒక వరస తయారవుతుంది. లాగార్డియా పద్ధతి లోతుగా పోతుంది, సాల్ట్ లేక్ పద్ధతి వెడల్పుగా పోతుంది. లెక్చరర్లకు సాయం చేసే బృందం చిన్నదైన చోట రెండోదే నడుస్తుంది.

ఒకే ల్యాబ్, రెండు ప్రశ్నలు

అసైన్‌మెంట్ తిరగరాయడం అంటే ఏమిటో బీఎస్సీ కెమిస్ట్రీలో అందరూ చేసే ఒక ప్రయోగంతో చూడొచ్చు. నీటి కాఠిన్యం కనుక్కోవడానికి ఈడీటీఏ టైట్రేషన్. ఎరియోక్రోమ్ బ్లాక్ టీ వేసిన నీరు ముదురు ఎరుపులో ఉంటుంది. బ్యూరెట్ నుంచి ఈడీటీఏ చుక్కలు పడుతుంటే ఒక చోట నీలంగా మారుతుంది. ఆ చోటు దాటిపోతే రీడింగ్ చెడిపోయినట్టే. కొత్తవాళ్లు దాటించేస్తారు. తర్వాత పక్కవాళ్ల రికార్డు చూసి మూడు రీడింగులూ ఒకేలా ఉండేట్టు వండేస్తారు. ల్యాబ్ రికార్డులో అంతా శుభ్రంగా ఉంటుంది.

ఇప్పుడు లెక్చరర్ పోర్ట్‌ఫోలియోలో "ఈ ప్రయోగం వల్ల ఏం నేర్చుకున్నావు?" అని అడిగితే వచ్చే జవాబు ఎవరైనా ఊహించగలరు. "ఈ ప్రయోగం ద్వారా నీటి కాఠిన్యం కనుగొనే విధానం నేర్చుకున్నాను. ఇది నాకు ఎంతో ఉపయోగపడింది." అరవై మందీ అదే రాస్తారు. మార్కులు వెయ్యడం సులువు, చదవడం వృథా.

అదే లెక్చరర్ ప్రశ్న ఇలా మార్చవచ్చు. "నీ మొదటి రీడింగ్ దగ్గర ఫ్లాస్క్ ఫొటో, చివరి రీడింగ్ దగ్గర ఫ్లాస్క్ ఫొటో పక్కపక్కన పెట్టు. రెండు రంగుల్లో తేడా ఏమిటి? మొదటిసారి ఎక్కడ ఆగి ఉండాల్సింది? రీడింగులు కలవకపోతే దాచకు, దానికి మార్కులు తగ్గవు." చివరి వాక్యం లేకపోతే ముందు మూడూ పనిచెయ్యవు. కలవని రీడింగ్ చూపిస్తే నష్టం లేదని తెలిశాకే వండటం ఆగుతుంది. రెండో సెమిస్టర్‌లో ఇంకో టైట్రేషన్ వచ్చినప్పుడు విద్యార్థి తన పాత ఫొటో తెరిచి చూసుకుంటాడు. ముందు చెప్పుకున్న మూడు దశలూ ఇక్కడ ఒక్క పేజీలో జరిగాయి, దీనికి ఫోన్ కెమెరా చాలు.

లెక్చరర్‌కి సాయం చెయ్యడమంటే ఈ రెండో ప్రశ్న దగ్గరికి చేరేలా పక్కన కూర్చోవడం. ఆ సబ్జెక్టులో విద్యార్థులు ఎక్కడ తప్పుతారో లెక్చరర్‌కే తెలుసు. బోధనా కేంద్రం నుంచి వచ్చినవాళ్లు చేయగలిగింది ఆ తప్పును బయటికి రప్పించే ప్రశ్న రాయించడం. రెడీమేడ్ ప్రశ్నల పట్టిక పంచిపెడితే ఈ పని జరగదు.

భాష విషయం కూడా ఇక్కడే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన విద్యార్థిని తన తప్పు గురించి ఇంగ్లిష్‌లో ఆలోచించి రాయమంటే గైడ్ పుస్తకంలోని వాక్యాలే వస్తాయి. రిఫ్లెక్షన్ వరకు తెలుగులో రాయనివ్వడం, లేదా రెండు నిమిషాల వాయిస్ రికార్డింగ్ పెట్టనివ్వడం లెక్చరర్ చేతిలో ఉన్న పని. కోర్సు మీడియం ఏదైనా దీనికి అడ్డు రాదు.

అరవై మంది, పదిహేను నిమిషాలు

లెక్చరర్లు వేసే మొదటి ప్రశ్న ఇవన్నీ ఎవరు చదవాలి అని. దానికి సూటిగా లెక్క చెప్పకుండా దాటేసే ట్రైనింగ్ మీద ఎవరికీ నమ్మకం కలగదు. సెక్షన్‌లో 60 మంది ఉన్నారనుకుంటే, ఒక్కో పేజీకి 15 నిమిషాలు పెడితే 15 గంటలు. సెమిస్టర్‌లో మూడుసార్లు చదివితే 45. రెండు సెక్షన్లు ఉంటే 90 గంటలు. ఇది ఉన్న పని మీద అదనంగా వచ్చేదైతే ఎవరూ చెయ్యరు, చెయ్యమనడం న్యాయమూ కాదు.

లెక్కను దించడానికి దారులున్నాయి. మొదటిది, పాతదేదో తీసేయడం. రెండు అసైన్‌మెంట్ల చోట ఒక పోర్ట్‌ఫోలియో పని రావాలి కానీ మూడోదిగా కాదు. రెండోది, ప్రతిసారీ అందరివీ చదవకపోవడం. ఒక విడతలో ఇరవై మందివి చదివి, కనిపించిన రెండు మూడు విషయాల మీద క్లాసు మొత్తానికి ఒక అయిదు నిమిషాలు మాట్లాడితే మూడు విడతల్లో అరవై మందీ పూర్తవుతారు. తమ వంతు రాని విడతల్లో విద్యార్థులు ముగ్గురేసి చొప్పున ఒకరి పేజీ ఒకరు చూసుకుని ఒక ప్రశ్న వెయ్యాలి. తోటివాడు చదువుతాడంటే కాపీ కొట్టడం కాస్త తగ్గుతుంది కూడా, ఇద్దరి పేజీలూ ఒకేలా ఉంటే మూడోవాడి కంట పడుతుంది. మూడోది రూబ్రిక్, అంటే దేన్ని చూసి మార్కులు వెయ్యాలో చెప్పే పట్టిక. పెద్ద పట్టికలు రోజువారీ మార్కులకు పనికిరావు. అమెరికన్ కాలేజీల సంఘం 2009లో విడుదల చేసిన వాల్యూ రూబ్రిక్‌లు డిగ్రీ మొత్తం మీద విద్యార్థి ఎదుగుదల చూడటానికి తయారైనవి, వాటిని ఒక్క ల్యాబ్ పేజీకి వాడబోతే లెక్చరర్ విసిగిపోతాడు. క్లాసుకి మూడు లైన్లు చాలు: ఆధారం చూపించాడా, తేడా గమనించాడా, తర్వాత ఏం మారుస్తాడో చెప్పాడా.

చదివేది ఎవరన్న భయం

బ్రిటన్‌లో ఉన్నత విద్య మీద వచ్చిన 1997 నాటి డియరింగ్ నివేదిక ప్రతి యూనివర్సిటీ విద్యార్థికీ ఒక ప్రోగ్రెస్ ఫైల్ ఉండాలంది. మార్కుల పత్రం అందులో ఒక భాగం, విద్యార్థి తన ఎదుగుదలను తానే చూసుకుని రాసుకునేది రెండో భాగం. 2005-06 కల్లా యూనివర్సిటీలన్నీ దీన్ని అమల్లోకి తేవాలని గడువు పెట్టారు. కోర్సులో కలిసిపోయిన చోట అది నడిచింది. మార్కులూ క్రెడిట్లూ లేకుండా ట్యూటర్‌తో ఏడాదికి రెండు మీటింగులకు పరిమితమైన చోట ఫారం నింపడంగా మిగిలింది.

అదే దేశంలో వైద్య విద్య ఇంకో చిక్కును బయటపెట్టింది. ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్లు తమ పొరపాట్ల గురించి ఈ-పోర్ట్‌ఫోలియోలో రాయడం అక్కడ తప్పనిసరి. ఒక చిన్నారి మరణం కేసులో శిక్ష పడిన జూనియర్ డాక్టర్ పేరును 2018 జనవరిలో మెడికల్ రిజిస్టర్ నుంచి తొలగించినప్పుడు, ఆమె రాసుకున్న రిఫ్లెక్షన్‌నే ఆమెకు వ్యతిరేకంగా వాడారన్న మాట డాక్టర్లలో దావానలంలా వ్యాపించింది. ఆ ఈ-పోర్ట్‌ఫోలియో జ్యూరీ ముందుకు సాక్ష్యంగా వెళ్లలేదని ఆమె తరఫు సంస్థ చెప్పినా భయం తగ్గలేదు. ఆ ఆగస్టులో అప్పీలు కోర్టు ఆమెను తిరిగి రిజిస్టర్‌లో చేర్చింది. డాక్టర్ల మీద విచారణలో రిఫ్లెక్షన్ నోట్లు తాము అడగబోమని, డాక్టర్లను నియంత్రించే జనరల్ మెడికల్ కౌన్సిల్ మార్గదర్శకాల్లో స్పష్టం చెయ్యాల్సి వచ్చింది.

మన కాలేజీల్లో పందెం అంత పెద్దది కాకపోవచ్చు, సూత్రం మాత్రం అదే. మార్కులు వేసేవాళ్లు, హెచ్‌వోడీ, తనిఖీకి వచ్చే కమిటీ అందరూ చదివే పేజీలో ఏ విద్యార్థీ తనకు అర్థం కాలేదని రాయడు. ఏ పేజీ ఎవరికి కనిపిస్తుందో సెమిస్టర్ మొదట్లోనే చెప్పడం, కొన్ని పేజీలు లెక్చరర్‌కి మాత్రమే కనిపించేలా పెట్టుకోనివ్వడం సెట్టింగ్స్‌లో రెండు నిమిషాల పని. బీఎడ్ విద్యార్థులు టీచింగ్ ప్రాక్టీస్ వీడియోలు, నర్సింగ్ విద్యార్థులు వార్డు ఫొటోలు పెట్టేటప్పుడు పిల్లల ముఖాలు, రోగుల వివరాలు కూడా బయటపడతాయి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చాక దీన్ని కాలేజీలు తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

మన దగ్గర ఇప్పటికే ఉన్నది

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, రెండో ఏడాది తర్వాత చిన్న ఇంటర్న్‌షిప్, ఆపైన సెమిస్టర్ పొడుగు ఇంటర్న్‌షిప్. ఉన్నత విద్యామండలి వీటికి ఒక ప్రోగ్రామ్ బుక్ నమూనా ఇచ్చింది. అందులో రోజువారీ పట్టికలో నాలుగు గడులు: తేదీ, చేసిన పని, నేర్చుకున్నది, పర్యవేక్షకుడి సంతకం. వారానికో నివేదిక. చివర్లో నేర్చుకున్న నైపుణ్యాల మీద పేజీలు, విద్యార్థి తనకు తాను మార్కులు వేసుకునే పట్టిక.

ఆ పుస్తకాన్ని కాస్త పట్టి చూస్తే అది కాగితం మీద ఉన్న పోర్ట్‌ఫోలియోనే. దాచుకోవడం ఉంది, రిఫ్లెక్షన్ కూడా ఉంది. లేనిది ఏరుకోవడం. ప్రతి రోజుకీ "నేర్చుకున్నది" గడి నింపాల్సిందే కాబట్టి ఏదో ఒకటి రాయాలి. ఏమీ జరగని రోజున కూడా ఏదో నేర్చుకున్నట్టు రాసే అలవాటు అక్కడే పడుతుంది. కంప్యూటర్ సెంటర్లలో రెడీమేడ్ రిపోర్టులు ప్రింటవడానికి దారి చూపిస్తున్నదీ ఆ గళ్లే. మెంటర్‌గా ఉన్న లెక్చరర్ నమూనా మార్చలేకపోయినా వారానికి ఒక్క ఎంట్రీని విద్యార్థి చేతే ఎంపిక చేయించి, దానికి ఫొటోయో తను గీసిన పట్టికో జతచేయించి, వైవాలో ఆ ఎంట్రీ మీదే అడగవచ్చు. తన వార్డులో ఎన్ని ఇళ్లకు కుళాయి ఉందో తిరిగి లెక్కపెట్టినవాడు రెండో ప్రశ్నకే తేలిపోతాడు, తిరగనివాడు కూడా అంతే.

ఇంకో ఒత్తిడి కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ నుంచి, ఎన్‌బీఏ నుంచి వస్తుంది. కోర్స్ ఫైళ్లు, కోర్సు లక్ష్యాలను (సీవో) డిగ్రీ లక్ష్యాలతో (పీవో) జతచేసే సీవో-పీవో మ్యాపింగ్, ఆధారాల ఫోల్డర్లు. యాజమాన్యాలకు ఈ-పోర్ట్‌ఫోలియో నచ్చడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే, తనిఖీకి చూపించడానికి ఆధారం దొరుకుతుంది. ఆ అవసరం తప్పు కాదు. కానీ ప్రతి పేజీకీ సీవో నంబర్ తగిలించమంటే విద్యార్థి తన గురించి రాయడం మానేసి కమిటీ కోసం రాస్తాడు. కొన్ని పేజీలను నమూనాగా తీసి, పేర్లు తీసేసి, డిపార్ట్‌మెంట్ స్థాయిలో మ్యాపింగ్ చేసుకుంటే విద్యార్థి మీదా లెక్చరర్ మీదా ఆ బరువు పడదు.

ప్లాట్‌ఫామ్ గురించి తెలుసుకోవాల్సింది కొద్దిగానే

న్యూజిలాండ్ ఉన్నత విద్యాసంస్థలు కలిసి 2006లో మొదలుపెట్టిన మహారా అనే పోర్ట్‌ఫోలియో సాఫ్ట్‌వేర్ ఉచిత ఓపెన్ సోర్స్, మూడుల్ ఉన్న చోట దానితో కలిపి వాడొచ్చు. గూగుల్ సైట్స్, వర్డ్‌ప్రెస్ చాలామందికి అలవాటైనవే. ఎంచుకునే ముందు చూడాల్సింది ఫోన్‌లో సాఫీగా నడుస్తుందా, డిగ్రీ అయిపోయాక విద్యార్థి తన పేజీలు వెంట తీసుకెళ్లగలడా అన్న రెండే. రెండోదాన్ని ఎక్కువమంది మరిచిపోతారు. కాలేజీ మెయిల్ ఐడీతో చేసిన సైట్, ఆ ఐడీ తీసేసిన రోజున మాయమవుతుంది. గూగుల్ తన విద్యా ఖాతాలకు అపరిమిత స్టోరేజీని ఆపేసి, సంస్థ మొత్తానికి ఉచితంగా 100 టెరాబైట్ల పరిమితి పెట్టాక చాలా యూనివర్సిటీలు పాత విద్యార్థుల ఖాతాలను కుదించుకోవాల్సి వచ్చింది.

ఏఐ వచ్చాక, ముందు ముందు

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక పోర్ట్‌ఫోలియో మీద రెండు వైపుల నుంచీ ప్రభావం పడింది. ఇంటి దగ్గర రాసిన ఫైనల్ కాపీ మీద నమ్మకం పోయి, పని ఎలా సాగిందో చూపించే డ్రాఫ్టులు, ఫొటోలు, తప్పుడు రీడింగులకు విలువ పెరిగింది. అదే సమయంలో "ఏం నేర్చుకున్నావు" లాంటి ప్రశ్నకు అందమైన రిఫ్లెక్షన్ రాయడం యంత్రానికి అరనిమిషం పని. పైన చెప్పిన ఫ్లాస్క్ ఫొటో ప్రశ్నకు జవాబివ్వాలంటే మాత్రం ఆ రోజు ల్యాబ్‌లో ఉండాలి. ఫొటో మీదే రెండు నోటి ప్రశ్నలు కలిపితే ఇంకా గట్టి. లెక్చరర్ల శిక్షణలో ఏఐని పట్టుకునే సాఫ్ట్‌వేర్ల మీద పెట్టే సమయంలో కొంత ఇలాంటి ప్రశ్నలు రాయడం మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది. ఆ సాఫ్ట్‌వేర్లు సొంతంగా రాసినవాళ్లను కూడా దొంగలుగా చూపిస్తాయన్న ఫిర్యాదులు ఇప్పటికే ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఇది ముందుగా స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీల్లో కుదురుకునే అవకాశం ఎక్కువ. సిలబస్, ఇంటర్నల్ మార్కుల పంపకం వాళ్ల బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేతిలో ఉంటాయి, ఒక అసైన్‌మెంట్ తీసి ఇంకోటి పెట్టడానికి ఒక మీటింగ్ చాలు. ఉస్మానియా, ఎస్వీయూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లోని టీచర్ ట్రైనింగ్ కేంద్రాలు వారం రోజుల కోర్సును ఒక్కసారిగా కాకుండా సెమిస్టర్ మొదట్లో మూడు రోజులు, మధ్యలో ఒకటి, చివర్లో రెండుగా విడగొడితే లాగార్డియా సెమినార్‌కి దగ్గరగా వస్తుంది, సర్టిఫికెట్‌కీ లోటు ఉండదు. అఫిలియేటెడ్ కాలేజీలో సిలబస్, ప్రశ్నపత్రం రెండూ యూనివర్సిటీ నుంచి వస్తాయి. అక్కడి లెక్చరర్ చేతిలో ఉన్నవి ఇంటర్నల్ మార్కుల్లోని అసైన్‌మెంట్ భాగం, ఇంటర్న్‌షిప్ మెంటర్ బాధ్యత, ఈ రెండే. మొదలుపెట్టేది ఏదైనా అక్కడే మొదలవ్వాలి.